పగటిపూటే సామాను ఎక్కించండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మావారి జిరాక్స్ షాపు, మేముండే కింది పోర్షన్ రెండూ మునిగాయి. అప్పు చేసి షాపు మళ్లీ తెరిచినా నిలవలేదు. అద్దె కట్టలేక గుంటూరులో మా పుట్టింటి వీధిలో రెండు గదుల ఇంటికి మారుతున్నాం. మావారు నోరు విప్పడం లేదు. ఎవరూ చూడకుండా రాత్రిపూట వెళ్లిపోదాం అంటారు. అత్తగారు వియ్యంకుల పంచన ఉండనంటారు, వచ్చినా తుప్పు పట్టిన తన బీరువా వదలనంటారు. పదో తరగతికి వచ్చిన బాబు అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడు. నన్నే ధైర్యంగా ఉండమంటున్నారు. నాకు ఓపిక అయిపోయింది.

జవాబు: ఓపిక అయిపోయిందన్న మాట నాకు రాశారు సరే, ఇంట్లో ఎవరితోనైనా అన్నారా అమ్మా? అన్ని పనులూ మీరే లాక్కొస్తుంటే మీకేం ఫర్వాలేదనే అనుకుంటారు. మీవారితో ఈ రాత్రే చెప్పండి. నిష్ఠూరంగా వద్దు, ఉన్నమాటగా చెప్పండి.

రాత్రిపూట వెళ్లడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ వారం పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం పడవల వైపు చేతులు చాచిన వీధే కదా అది! మీ సంగతి అక్కడ ఎవరికి తెలియదు? కిరాణా ఖాతా, పాలబాకీ తీర్చండి. తీర్చలేనిది ఎంతో, ఎప్పటికిస్తారో మీవారే వెళ్లి చెప్పాలి. తర్వాత పగలే సామాను ఎక్కించండి. చీకట్లో పోతే ఏదో తప్పు చేశామని బాబు మనసులో పడిపోతుంది.

మీవారి మౌనం వెనక అప్పుతో పాటు అత్తవారి వీధి కూడా ఉందని నాకు తోస్తోంది. ఇల్లరికం అన్న మాట సరదాకి అన్నా గుచ్చుకుంటుంది. అద్దె అగ్రిమెంటు ఆయన పేరునే రాయించండి. మీ అమ్మగారింటి నుంచి రోజూ కూర గిన్నెలు రానివ్వకండి. మీ అన్నదమ్ములు ఉద్యోగం చూపిస్తామని నలుగురిలో అనకుండా ముందే చెప్పి ఉంచండి. గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటల్లో జిరాక్స్ షాపులకు కొదవ లేదు; కొన్నాళ్లు ఒకచోట పనికి కుదిరితే చాలు, సొంత షాపు సంగతి అప్పు తగ్గాక. బెజవాడలోనే పని దొరికితే రైలు సీజన్ టికెట్ మీద రోజూ తిరిగేవాళ్లు బోలెడుమంది.

ఆయనకు నిద్ర పట్టకపోయినా, 'నేను లేకపోతే మీకు హాయి' లాంటి మాట వచ్చినా ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్యుల ఓపీ కూడా ఉంది.

అత్తగారితో వాదించకండి. ఆషాఢం రాకముందే కొత్త ఇంట్లో ఆవిడ చేత్తోనే పాలు పొంగించండి. సామాను తర్వాత చేర్చుకోవచ్చు. బీరువా రానివ్వండి. మనిషి వస్తానంటే బీరువా ఎంత! (రెండు గదుల్లో అది ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడనే చెప్పమనండి, మీకో తలనొప్పి తగ్గుతుంది.)

బాబుకు అప్పెంతో, అద్దెంతో దాచకుండా చెప్పండి. సగం సగం వింటేనే పిల్లలు ఎక్కువ భయపడతారు. మారకముందే ఒకసారి తీసుకెళ్లి కొత్త బడి చూపించండి, ఇంట్లో చదువుకునే మూల వాణ్నే ఎంచుకోనివ్వండి. పదో తరగతి మధ్యలో మార్చకుండా జూన్‌లో బడి తెరిచేసరికే చేర్చండి. టీసీతో పాటు స్టడీ సర్టిఫికెట్లూ ఇప్పుడే తీసుకోండి. ముందుముందు కాలేజీ సీట్ల కౌన్సెలింగ్‌లో స్థానికత కోసం అడుగుతారు, లేదంటే అప్పుడు మళ్లీ సింగ్ నగర్ చుట్టూ తిరగాలి.