పది రోజులకే కిట్‌లో నెగెటివ్ వస్తే నమ్మొచ్చా?

బ్రదర్, కండోమ్ చిరిగిన పదో రోజున కిట్‌తో హెచ్‌ఐవీ చూసుకున్నారు, నెగెటివ్ వచ్చినా టెన్షన్ పోలేదన్నారు. ఆ నెగెటివ్‌ను ఇప్పుడే లెక్కలోకి తీసుకోకండి. వేలి చుక్క రక్తంతో చేసే కిట్‌లు ఎక్కువగా యాంటీబాడీలనే, అంటే వైరస్‌కు ఎదురుగా మన ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలనే పట్టుకుంటాయి. అవి కనబడేంతగా తయారు కావడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసి చేసే యాంటీజెన్ (వైరస్‌లోని భాగం)-యాంటీబాడీ పరీక్షకైతే 45 రోజులు చాలు. హెచ్‌ఐవీ సోకకుండా ఆపడానికి 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన పెప్ మందుల సమయం ఎలాగూ దాటిపోయింది.

అందరూ హెచ్‌ఐవీ ఒక్కదానికే భయపడి మిగతావి వదిలేస్తారు, నాకు అదే నచ్చదు. సెక్స్ ద్వారానే సోకే క్లమీడియా, గనేరియా చాలామందిలో ఏ లక్షణమూ చూపించవు. రెండు వారాలు దాటాక మూత్రంతో న్యాట్ పరీక్ష (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించండి. గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదట వచ్చేదే డబ్బాలో పట్టాలి. మధ్యలోది పడితే ఉపయోగం తక్కువ. ఇలాగే సోకే సిఫిలిస్‌కు రక్తపరీక్ష, మూడు నెలలప్పుడు మరోసారి.

గాజువాక ఇంట్లో అమ్మానాన్నల మధ్య శాంపిల్ తీయడం కుదరదంటే విశాఖ కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీకి (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి) వెళ్లండి. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటికి చెప్పకూడదని 2017 చట్టమే ఉంది. ముందు మాట్లాడాలనుకుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితమే. కిట్‌లో ఎప్పుడైనా పాజిటివ్ వచ్చినా అది తుది మాట కాదు, ఐసీటీసీలోనే నిర్ధారించుకోవాలి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రం మింగకండి. ఫలితాలు వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి.