స్కాన్, వెరిఫై, ఇన్‌స్పెక్ట్: ఏది ఏం చూస్తుంది?

ప్రశ్న: యాంటీవైరస్‌లో స్కాన్, బ్యాంకు యాప్‌లో వెరిఫై, కంప్యూటర్ బ్రౌజర్‌లో రైట్ క్లిక్ చేస్తే ఇన్‌స్పెక్ట్. డిక్షనరీ చూస్తే మూడింటికీ తనిఖీ అనే ఉంది. తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఈ ప్రశ్న పాఠకుల నుంచి తరచూ వస్తూనే ఉంది. మాటలు ఒకేలా అనిపిస్తాయి గానీ పనులు వేరు.

స్కాన్ అంటే వరుసగా చూసుకుంటూ పోవడం. ఇంగ్లిష్‌లో దీనికి క్షుణ్ణంగా చూడటం, పైపైన చూడటం అని రెండర్థాలూ ఉన్నాయి. విండోస్ సెక్యూరిటీలో రెండూ కనిపిస్తాయి. క్విక్ స్కాన్ వైరస్‌లు మామూలుగా దాక్కునే చోట్లే వెతుకుతుంది, ఫుల్ స్కాన్ ఫైళ్లన్నీ చూస్తుంది. కాబట్టి క్విక్ స్కాన్‌లో ఏమీ దొరకలేదంటే సిస్టమ్ మొత్తం శుభ్రంగా ఉన్నట్టు కాదు.

వెరిఫై అంటే నిజమో కాదో తేల్చుకోవడం. ఓటీపీ అడిగినప్పుడు పరీక్ష మీకే, మీరు మీరేనా అని యాప్ చూస్తోంది. మరి 'కేవైసీ వెరిఫై చేయండి' అని లింకు పంపినవాణ్ని ఎవరు వెరిఫై చేశారు?

నాకు ఎక్కువ భయం ఇన్‌స్పెక్ట్‌తోనే. అది వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ల పనిముట్టు. పేజీ లోపలి కోడ్‌ను చూపించడమే కాదు, మార్చనిస్తుంది కూడా. మీ బ్యాంకు పేజీలో బ్యాలెన్స్ 4,200 ఉందనుకోండి. ఆ అంకె మీద రైట్ క్లిక్ చేసి, ఇన్‌స్పెక్ట్ తెరిచి, కోడ్‌లో 54,200 అని కొడితే స్క్రీన్ మీద అదే కనిపిస్తుంది. ఖాతాలో పైసా మారదు. రీలోడ్ చేస్తే మళ్లీ 4,200.

రిఫండ్ ఇస్తామంటూ ఫోన్ చేసే మోసగాళ్లు చేసేది సరిగ్గా ఇదే. స్క్రీన్ కంట్రోల్ ఇచ్చే యాప్ మీ చేత వేయించి, చాటుగా అంకె మార్చి, 'పొరపాటున 50,000 ఎక్కువ పడింది, నా ఉద్యోగం పోతుంది, తిరిగి పంపండి' అని ఏడుస్తారు. కళ్లెదుట అంకె కనిపిస్తుంటే ఎవరికైనా టెన్షనే. పంపేది మాత్రం మన సొంత డబ్బు.

ఇంత పదునైన పనిముట్టును మామూలు మెనూలో పెట్టి, ఒక్క ముక్క వివరణ ఇవ్వకపోవడం నిర్లక్ష్యం. సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తేగానీ దీన్ని చూపించని బ్రౌజర్లూ ఉన్నాయి. అందరూ అలా ఎందుకు చేయరు?

ఎవరైనా ఇలా ఫోన్ చేస్తే వెంటనే ఇంటర్నెట్ ఆపేయండి. బ్యాలెన్స్ వేరే ఫోన్‌లోనో, ఏటీఎంలోనో చూసుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.