మొదట నిలిచిన రకం దిగుబడిని ఎంత నమ్మాలి?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. నాన్న, నేను అయిదు చోడి (రాగి) రకాలను ఒక్కోటి నాలుగు మళ్లలో వేసి చూశాం. అన్నిటి సగటు ఎకరాకు 10.6 క్వింటాళ్లు, మొదట నిలిచిన రకానిది 12.4. మరుసటి ఏడు పొలమంతా అదే వేస్తే 11.2 దాటలేదు. విత్తనం తేడానా, మా లెక్క తప్పా?
– ఒక విద్యార్థిని, విజయనగరం జిల్లా

జవాబు: విత్తనాన్ని అప్పుడే అనుమానించకండమ్మా. వానల తేడా కొంత ఉండొచ్చు గానీ, అసలు చిక్కు రకాన్ని ఎంచుకోవడానికి వాడిన అంకెనే దాని దిగుబడి అంచనాగా కూడా తీసుకోవడంలో ఉంది. ఆ రకం మంచిదే కావచ్చు, దానికి దక్కిన మళ్లు కూడా కాస్త సారమైనవి అయ్యుండొచ్చు, మామూలుగా రెండూ కొంత కొంత కలుస్తాయి, రెండో ఏడు ఆ మళ్ల కలిసిరావడం ఉండదు. అట్టడుగున నిలిచిన రకం కూడా మీకు కనిపించినంత చెడ్డది కాకపోవచ్చు.

మడికీ మడికీ ప్రామాణిక విచలనం, అంటే దిగుబడి మామూలుగా అటూ ఇటూ ఊగే మేర, 2 క్వింటాళ్లనుకుంటే, నాలుగు మళ్ల సగటుకు అదే ఊగు (ప్రామాణిక దోషం) 2ని 4 వర్గమూలంతో భాగిస్తే 1. అయిదు రకాలూ నిజానికి సమానమే అయినా, మొదట నిలిచినదాని సగటు దాని అసలు విలువ కంటే సుమారు 1.16 క్వింటాళ్లు ఎక్కువ చూపిస్తుంది. పది రకాలు వేస్తే 1.54. ఒకటి నిజంగానే మిగతావాటిని బాగా మించితే మాత్రం ఈ ఉబ్బు దాదాపు సున్నా. మీది ఎటువైపో తెలియదు కాబట్టి 1.16 తీసేసి ఊరుకోలేం. గంట ఆకారపు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఈ ఒక్క పంట లెక్కతో పక్షపాతం లేని (సగటున ఎక్కువా తక్కువా చూపని) అంచనా కట్టడం అసాధ్యమని రుజువైంది కూడా.

అందుకని ఆ రకాన్ని, మీరు ఎప్పుడూ వేసే రకాన్ని పక్కపక్కనే కొత్త మళ్లలో వేసి తేడా చూడండి. కొత్త మళ్ల సగటులో ఈ ఉబ్బు ఉండదు. మొదటి పంట, కొత్త మళ్లు అనే రెండు దశలనూ కలిపి పక్షపాతం లేకుండా అంచనా వేసే దారిని కోహెన్, సాక్రోవిట్జ్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1989లో చూపించారు. దానికి ఆధారం, ఓ అంచనాను ఇంకా మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం, ఆ రావు మన వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీలో ఎంఏ చదివిన సి.ఆర్.రావు గారే.

ఈలోగా ఓ ముతక లెక్క: మీ అయిదు సగటుల వేరియన్స్ (ప్రామాణిక విచలనం వర్గం) 2.5 అనుకుంటే అందులో 1 (పై ప్రామాణిక దోషం వర్గం) మళ్లదే, రకాలది 1.5, అంటే 2.5లో 0.6 వంతు. 12.4కీ 10.6కీ ఉన్న 1.8 తేడాలో 0.6 వంతే ఉంచితే సుమారు 11.7 వస్తుంది. రకాన్ని మార్చనక్కర్లేదు, నాన్నగారు ఎరువుల అప్పు లెక్క వేసేటప్పుడు మాత్రం 12.4 బదులు ఈ 11.7ని పెట్టుకోమనండి.