నెయ్యి ముట్టని నాకు కొలెస్ట్రాల్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్ళు. సన్నగానే ఉంటాను. మాంసం, సిగరెట్, మందు ఏ అలవాటూ లేదు. ఆఫీసువాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 232 వచ్చింది. రెండు నెలలు నెయ్యి, వేపుళ్ళు మానేసి, రోజూ గంట నడిచాను. మళ్ళీ చేయిస్తే 221. మా నాన్నగారు 46వ ఏట గుండెపోటుతో పోయారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకేం మానేయాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇంకేమీ మానక్కర్లేదు బాబూ. మీ ఉత్తరంలో 232 కన్నా ఆ 46 దగ్గరే నా చూపు ఆగిపోయింది.

కొవ్వు నీళ్ళలో కలవదు కదా, అందుకే రక్తంలో దాన్ని ప్రొటీన్లు మోసుకెళ్తాయి. ఆ మూటలే లైపోప్రొటీన్లు, ఎల్‌డీఎల్ వాటిలో ఒకటి. పని అయ్యాక మిగిలిన మూటలను కాలేయం తన రిసెప్టర్లతో, అంటే కొక్కేల్లాంటి ప్రొటీన్లతో, పట్టి లోపలికి లాక్కుంటుంది. అమ్మ నుంచో నాన్న నుంచో లోపమున్న జన్యువు వస్తే ఆ రిసెప్టర్లు చాలవు, మూటలు రక్తంలోనే తిరుగుతుంటాయి. ఈ రిసెప్టర్ల సంగతి కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ ఇచ్చారు. వంశం నుంచి వచ్చే ఈ జబ్బును ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా అంటారు, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. ఎల్‌డీఎల్ 190 దాటితే అనుమానించాల్సిందే. పప్పులో చెంచాడు నెయ్యి వేసుకున్నందుకు మీకిది రాలేదు.

ఇలాంటి రిపోర్టుతో వచ్చినవాళ్ళను ముందు చెప్పులు విప్పమంటాను. మడమ పైన తాడులా ఉండే స్నాయువును రెండు వేళ్ళతో పట్టి చూస్తాను. కొందరికది లావెక్కి, గడ్డలుగా తగులుతుంది. "చెప్పు ఒరుసుకుందండీ" అంటారు. అది ఏళ్ళ తరబడి పేరుకున్న కొలెస్ట్రాల్. మీరూ తడిమి చూసుకోండి. గడ్డ లేనంత మాత్రాన జబ్బు లేదని మాత్రం అనుకోవద్దు.

ఆలస్యం చేయకుండా గుండె డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్ తగ్గినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అదీ చూడాలి. లైపోప్రొటీన్-ఏ అని ఇంకో పరీక్ష ఉంది, అదీ వంశం నుంచి వచ్చేదే, ఒక్కసారి చేయిస్తే చాలు. స్టాటిన్ మాత్ర రాస్తారు. తగిన డోసులో ఎల్‌డీఎల్‌ను సగానికి దించగలదు. "అలవాటైపోతుంది" అని మానేస్తే అంకె మళ్ళీ పైకెక్కుతుంది. నడక మటుకు ఆపకండి.

మీ తోబుట్టువులకు, పిల్లలకు కూడా ఇది ఉండే అవకాశం సగానికి సగం. చిన్నపిల్లలకైనా పరీక్ష చేయించాలి. మీ నాన్నగారికి బహుశా ఎవరూ చేయించి ఉండరు. మీవాళ్ళకు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. మొదటి పరీక్షకు పరగడుపున వెళ్ళాల్సిన పని కూడా లేదు.