లింకు డాక్యుమెంట్లు లేని గ్రీకు కూజా

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. నాకు 47 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అమ్మాయి మూడేళ్లలో కాలేజీకి వెళ్తుంది. తన చదువు కోసం 529 ఖాతాలో 92,000 డాలర్లు ఉన్నాయి. రెండేళ్లుగా న్యూయార్క్‌లో జరిగే గ్రీకు, రోమన్ పురాతన వస్తువుల వేలాలు ఆన్‌లైన్‌లో చూస్తున్నాను. వచ్చే వేలంలో క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్ లెకిథోస్ (సన్నమెడ కూజా) ఒకటి నచ్చింది. అంచనా ధర 15,000 నుంచి 20,000 డాలర్లు. కేటలాగ్‌లో 'యూరప్‌లోని ఒక ప్రైవేట్ సేకరణ, 1980లలో సంపాదించినది' అని ఉంది. మొత్తం 60,000 డాలర్లతో ఇలాంటివి మూడు నాలుగు కొని పదేళ్లు ఉంచాలని ఆలోచన. డబ్బు 529 నుంచి తీయనా? ఐఆర్ఏతోనే, అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతా సొమ్ముతోనే కొనొచ్చని ఒక స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తీయాలన్న సంగతి ముందు తేల్చేద్దాం. 529ని ముట్టుకోకండి. చదువుకు కాకుండా వేరే పనికి తీస్తే, అందులో పెరిగిన లాభం మీద ఆదాయపు పన్ను, దానిపైన 10 శాతం జరిమానా పడతాయి. ఐఆర్ఏ విషయంలో మీ స్నేహితుడు పొరబడ్డారు. ఐఆర్ఏ సొమ్ముతో పురాతన వస్తువు కొంటే, ఆ మొత్తాన్ని మీరు ఖాతాలోంచి చేతికి తీసుకున్నట్టే పన్నుల శాఖ లెక్కగడుతుంది. మీకింకా 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి అక్కడా జరిమానా తప్పదు.

ఇక కూజా లెక్క చూద్దాం. నగ కొన్నప్పుడు బంగారం ధర మీద తరుగు, మజూరీ వేస్తారు. అమ్మబోతే ఆ రెండూ పోతాయి. వేలంలోనూ అంతే, కాకపోతే ఇక్కడ మజూరీ చాలా ఎక్కువ. లెకిథోస్ 20,000 డాలర్ల దగ్గర ఆగిందనుకోండి. పెద్ద సంస్థలు దానిపైన కొనుగోలుదారు కమిషన్ నాలుగో వంతుకు పైనే వేస్తాయి. 26 శాతం అనుకుంటే 25,200 అవుతుంది. న్యూజెర్సీ అమ్మకపు పన్ను 6.625 శాతం కలిపితే దాదాపు 26,870. ప్యాకింగ్, రవాణా, మొదటి ఏడాది బీమా కలిసి 27,500 అనుకుందాం. పదేళ్ల తర్వాత అమ్మబోతే అమ్మేవారి కమిషన్ 10 శాతం ఉంటుంది. మీరు పెట్టింది మీకు తిరిగి రావాలన్నా ఆ రోజు వేలంలో సుమారు 30,550 పలకాలి. అంటే ఏటా 4.3 శాతం పెరిగితే పైసా లాభం లేకుండా అసలు దక్కుతుంది. ఈ లెక్కలో మిగతా తొమ్మిదేళ్ల బీమా వేయనేలేదు. ఒకవేళ లాభం వచ్చినా, షేర్ల మీద దీర్ఘకాలిక లాభానికి పన్ను గరిష్ఠంగా 20 శాతమైతే సేకరణ వస్తువులకు 28 శాతం దాకా ఉంటుంది. ఇంట్లో ముచ్చటకు పెట్టుకున్న వస్తువు నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపించుకోనివ్వరు.

బ్రిటిష్ రైల్వే పెన్షన్ ఫండ్ 1974 నుంచి సుమారు 4 కోట్ల పౌండ్లు కళాఖండాల మీద పెట్టింది, లాభం కూడా చూసింది. అయితే వాళ్లు వేల వస్తువులు కొన్నారు, పక్కన నిపుణులు ఉన్నారు, పాతికేళ్ల దాకా ఓపిక పట్టారు. మూడు కూజాలతో ఆ ఫలితం ఆశించలేం.

ఇంతవరకు చెప్పింది లెక్క. నన్ను నిజంగా కలవరపెట్టింది మాత్రం మీరు ఎత్తి రాసిన కేటలాగ్ వాక్యం. మన ఊళ్లో స్థలం కొనేటప్పుడు ఏం చేస్తాం? ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. మధ్యలో ఒక్క దస్తావేజు లేకపోయినా అడ్వాన్సు ఇవ్వం. పురాతన వస్తువుకు ప్రొవెనెన్స్ అంటే ఆ లింకు డాక్యుమెంట్లే. అది ఏ నేలలోంచి వచ్చింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది, దేశం ఎప్పుడు దాటింది అన్నవి కాగితం మీద ఉండాలి. 'యూరప్‌లోని ప్రైవేట్ సేకరణ, 1980లు' అంటే అమ్మకందారు పేరు లేని దస్తావేజు.

ఇలాంటి వస్తువుల అక్రమ రవాణాను ఆపడానికి చేసిన 1970 యునెస్కో ఒప్పందం తర్వాత మ్యూజియంలూ మంచి కొనుగోలుదారులూ ఆ ఏడాదినే గీతగా పెట్టుకున్నారు. అంతకు ముందే ఆ వస్తువు బయట ఉందని పాత ఫొటోనో, పాత కేటలాగో, ఉత్తరమో రుజువు చూపాలి. చట్టాలైతే ఇంకా పాతవి. ఇటలీలో 1909 నుంచే నేలలో దొరికిన పురాతన వస్తువు ప్రభుత్వానిది. మీ కేటలాగ్ చెబుతున్న 1980లు దొంగ తవ్వకాలు జోరుగా సాగిన కాలం. 1995లో జెనీవాలో జాకొమో మెదిచి అనే వ్యాపారి గోదాముల్లో పోలీసులకు వేల ఫొటోలు దొరికాయి. వాటిలో చాలా కూజాలు మట్టి కూడా వదలకుండా, పగిలిన ముక్కలుగానే ఉన్నాయి. ఆ ఫొటోలతో పోల్చి చూసి, వేలానికి వచ్చిన వస్తువులను పరిశోధకులు ఇప్పటికీ గుర్తుపడుతున్నారు.

లెకిథోస్ అంటే నూనె పోసుకునే సన్నమెడ పాత్ర. చనిపోయినవారి పక్కన సమాధిలో పెట్టేవారు. దాదాపు రెండున్నర వేల ఏళ్లు అది చెక్కుచెదరకుండా మిగిలిందంటే, చాలావరకు సమాధిలో ఉండబట్టే. ఎవరో ఆ సమాధి తెరిచారు. ఎవరు, ఎప్పుడు, ఎవరి అనుమతితో అన్నదే కాగితాలు చెప్పాల్సింది.

చెప్పలేకపోతే ఎంత పెద్దవాళ్లకైనా దెబ్బ తప్పదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో సుమారు 10 లక్షల డాలర్లు పెట్టి కొన్న యూఫ్రోనియోస్ క్రేటర్ (ద్రాక్షసారా కలిపే పెద్ద గ్రీకు పాత్ర) 2008లో ఇటలీకి వెళ్లిపోయింది. ఇన్వెస్టర్ మైకేల్ స్టైన్‌హార్ట్ 2021లో 7 కోట్ల డాలర్ల విలువైన 180 వస్తువులు అప్పగించి, జీవితాంతం పురాతన వస్తువులు కొననని ఒప్పుకోవాల్సి వచ్చింది. సీజర్ హత్యను గుర్తుచేసే బ్రూటస్ బంగారు నాణెం 2020లో లండన్ వేలంలో 30 లక్షల పౌండ్లకు పైగా పలికింది. దాని చరిత్ర కల్పించిందని తేలి, 2023లో గ్రీసుకు చేరింది. షేరు పడిపోతే సగమైనా మిగులుతుంది. ఇక్కడ జప్తు అయితే వస్తువూ పోతుంది, డబ్బు కోసం అమ్మినవాడి వెంట పడాల్సింది మీరే.

మన వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలం నుంచి దొంగిలించిన ఒక సున్నపురాయి శిల్పం, బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తులది, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. ఆ మ్యూజియం వాళ్లు కూడా మీలాగే అందం చూసి మనసు పారేసుకుని ఉంటారు. 2016లో దాన్ని మనకు తిరిగి ఇచ్చేశారు. అది మన రాయి కాబట్టి మనకు బాధ తెలుసు. ఏథెన్స్ దగ్గర పల్లెటూళ్లో ఉన్నవారికీ అదే బాధ.

కాగితాలు సరిగా ఉన్నా వస్తువు పరిస్థితి వేరే చూడాలి. ఎడిసన్‌లో ఉండే నా క్లయింట్ ఒకాయన దక్షిణ ఇటలీ కూజా కొని తెచ్చి, అందులో ఎంత భాగం అసలుదో చూడమన్నారు. గదిలో లైట్లు ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చ్ వేశాం. బొమ్మలోని స్త్రీ ముఖం, ఒక చెయ్యి, అంచులో మూడో వంతు పాలిపోయిన నీలంగా వెలిగాయి. మిగతాదంతా నల్లగానే ఉంది. వెలిగినంత మేరా ఈ కాలపు రంగు, జిగురు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అది మోసమని అనలేం, మరమ్మతు అన్న మాట కండిషన్ రిపోర్టులో చిన్న అక్షరాల్లో ఉంది. కానీ ఆయన పూర్తి కూజా ధర కట్టారు.

కాబట్టి 60,000 వద్దు. మీ ఎమర్జెన్సీ ఫండ్, 401కే రిటైర్మెంట్ ఖాతా, అమ్మాయి చదువు ఎక్కడివక్కడే ఉండనివ్వండి. ఏటా విహారయాత్రకు పెట్టే డబ్బులోంచి 4,000, 5,000 డాలర్లు ఈ ఇష్టానికి కేటాయించండి, తిరిగి రాదనుకునే కేటాయించండి. అంతలోనే మంచి చరిత్ర ఉన్న చిన్న వస్తువులు వస్తాయి. పాత సేకరణ లేబుల్ అతికి ఉన్న మట్టి దీపమో, పాత కేటలాగ్‌లో ఫొటో ఉన్న వెండి నాణెమో చాలు. కొన్నాక ఇంటి బీమాలో దాన్ని విడిగా నమోదు చేయించండి, మామూలు పాలసీ ఇలాంటివాటికి కొద్ది మొత్తమే ఇస్తుంది.

మొదటి ఏడాది ఏమీ కొనకండి. వేలానికి ముందు ప్రదర్శన రోజుల్లో వెళ్లండి, ప్రవేశం ఉచితం, అడిగితే కూజాను చేతికిచ్చి చూపిస్తారు. అమ్మాయిని మెట్రోపాలిటన్ మ్యూజియం గ్రీకు గదులకు తీసుకెళ్లండి. న్యూజెర్సీ విద్యార్థి కాబట్టి, కార్డు చూపించి తనకు తోచినంత ఇచ్చి లోపలికి వెళ్లొచ్చు.

ఇప్పుడు ఆ లెకిథోస్ గురించి వేలం సంస్థకు ఈమెయిల్ రాయండి. 1970కి ముందు ఇది ఎక్కడుందో చూపే కాగితం ఏమిటి, ఎగుమతి అనుమతి ప్రతి ఉందా, దొంగిలించిన కళాఖండాల జాబితా అయిన ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో వెతికించారా, మరమ్మతు చేసిన చోట్లు అల్ట్రావయొలెట్ వెలుగులో తీసిన ఫొటోలు పంపగలరా అని అడగండి. దొంగ సొత్తు జాబితాలో లేదని వచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దు. దొంగ తవ్వకంలో బయటపడిన వస్తువు పోయిందని ఎవరూ ఫిర్యాదు ఇచ్చి ఉండరు, అది ఏ జాబితాలోనూ ఉండదు. వాళ్ల జవాబు వేలానికి ముందే వస్తే నాకు పంపండి, కలిసి చదువుదాం. రాకపోతే ఆ రోజు చెయ్యి ఎత్తకండి.