కాన్సే ఇంజనీరింగ్ అంటే ఏమిటి? చీరల కొట్టుకు పనికొస్తుందా?

జపాన్ భాషలో కాన్సే అంటే వస్తువును చూడగానే, ముట్టుకోగానే మనసుకు కలిగే అనుభూతి. దాన్ని కొలిచి డిజైన్‌లోకి తెచ్చే పద్ధతిని 1970లలో హిరోషిమా విశ్వవిద్యాలయంలో మిత్సువో నాగామాచి మొదలుపెట్టారు. 1989లో వచ్చిన మాజ్దా మియాటా కారు దీనికి పేరున్న ఉదాహరణ. కారూ మనిషీ ఒకటే అనిపించాలని గేర్ రాడ్ పొడవు కూడా సరిచూశారు.

కొట్టుకు బాగానే పనికొస్తుంది. మహబూబ్‌నగర్‌లో మా మేనత్త వాళ్ల కొట్లో బతుకమ్మ ముందు కూర్చున్నాను. ముదురు రంగు నారాయణపేట చీర తీస్తే ఒక పెద్దావిడ అంచును వేళ్ల మధ్య నలిపి "బరువుంది బిడ్డా" అంది. అదే నేత, లేత రంగులో చూపిస్తే ఆ మాటే లేదు! బరువు తూకంలో లేదు, కంట్లో ఉంది.

మీరూ కొనేవాళ్ల మాటలే రాసుకోండి: బరువు–తేలిక, పెద్దరికం–పడుచుతనం. ఒక్కో చీరకు ఆ జంటల మధ్య 5 మెట్ల మీద మార్కులు వేయించండి. తర్వాత ఏ అంచు వెడల్పుకు, ఏ గళ్లకు ఏ మాట వస్తోందో చూడండి. "నచ్చిందా?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అందరూ నచ్చిందనే అంటారు.