గ్రే లిస్టుతో ఉగ్రవాదుల డబ్బు ఆగుతుందా?

ప్రశ్న: పాకిస్తాన్‌ను నాలుగేళ్లకు పైగా గ్రే లిస్టులో ఉంచి, తర్వాత తీసేశారు. దానివల్ల ఉగ్రవాద సంస్థలకు డబ్బు అందడం నిజంగా ఆగిందా? గల్ఫ్ నుంచి హవాలాలో ఇంటికి పంపే డబ్బుకూ దీనికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: గ్రే లిస్టు అంటే, అక్రమ నిధులను అరికట్టడంలో లోపాలున్నాయంటూ ప్రత్యేక నిఘాలో పెట్టిన దేశాల జాబితా. దాన్ని ప్రకటించేది ప్యారిస్‌లోని ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్. అక్రమ సంపాదనను సక్రమంగా చూపించే మనీ లాండరింగ్‌ను అరికట్టేందుకు 1989లో జీ-7 దేశాలు నెలకొల్పిన ఈ సంస్థ, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఉగ్రవాదులకు అందే నిధుల మీదా దృష్టి పెట్టింది. దీనికి ఎవరి ఖాతానూ స్తంభింపజేసే అధికారం లేదు. అయితే ఒక దేశం పేరు ఆ జాబితాకెక్కితే, అక్కడి బ్యాంకులతో జరిగే లావాదేవీలను విదేశీ బ్యాంకులు ఒకటికి రెండుసార్లు తరచి చూస్తాయి. బయటి అప్పు లేనిదే రోజు గడవని ప్రభుత్వానికి ఆ అనుమానమే పెద్ద దెబ్బ.

లష్కరే తోయిబా ఉగ్రవాద సంస్థ వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్ సంగతే చూడండి. ఐక్యరాజ్యసమితి 2008 డిసెంబరులోనే ఆంక్షల జాబితాలో చేర్చినా, గృహనిర్బంధాలూ విడుదలలే తప్ప ఆయనకు శిక్ష పడలేదు. పాకిస్తాన్ 2018 జూన్‌లో గ్రే లిస్టుకెక్కాక, 2020 ఫిబ్రవరిలో లాహోర్ కోర్టు ఉగ్రవాద నిధుల కేసుల్లో ఆయనకు అయిదున్నరేళ్ల జైలు విధించింది. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. సరిదిద్దుకోవాలని టాస్క్ ఫోర్స్ చెప్పిన మొత్తం 34 అంశాలూ పూర్తయ్యాయంటూ 2022 అక్టోబరులో ఆ దేశాన్ని జాబితా నుంచి తీసేశారు. కాగితం మీద పని పూర్తయింది, డబ్బు మాత్రం ఆగలేదు. పహల్గాం దాడిని ఖండిస్తూ 2025 జూన్‌లో ఆ సంస్థే, డబ్బూ దాన్ని చేరవేసే మార్గాలూ లేకుండా ఇలాంటి దాడులు జరగవని పేర్కొంది.

ఇక హవాలా. దుబాయ్‌లో దిర్హమ్‌లు కట్టినవారు ఇక్కడి బంధువు దగ్గరున్న పది రూపాయల నోటు నంబరు చెబుతారు. ఆ నోటు చూపిస్తే ఇక్కడి ఏజెంటు రూపాయలు లెక్కపెట్టి ఇస్తాడు. రసీదు ఉండదు, డబ్బు సరిహద్దు దాటదు. జీతం డబ్బు ఇలా పంపడం ఉగ్రవాద నేరం కాదు గానీ, విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం తప్పే. అసలు చిక్కు వేరే ఉంది: మీ ఇంట్లో అందిన రూపాయలు ఎవరివో, అక్కడ మీవారు కట్టిన దిర్హమ్‌లు ఎవరి చేతికి వెళ్లాయో మీకు గానీ, తర్వాత విచారణకు వచ్చే అధికారికి గానీ చూపించే కాగితం ఒక్కటీ ఉండదు.